ఒక్కో గెలుపుకి ఎంత జీతం

మార్చి నెల రాగానే ఇప్పటికీ నా చెయ్యి పెన్సిలు కోసం వెతుకుతుంది. అమెరికాలో బేస్‌బాల్ జట్లన్నీ అప్పుడు ఎండ కాసే ఊళ్ళు చూసుకుని సాధనకు దిగుతాయి. అసలు ఆటలు ఏప్రిల్ నుంచి. ఆ లోపల ఎవరు గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. ఎవరిని ఎంత జీతమిచ్చి తెచ్చుకున్నారు, ఎవరిని వదులుకున్నారు, ఈ ఏడు ఎన్ని గెలుస్తారు అని కాగితం మీద చూసుకోవడమే. ఏడాది మొత్తంలో నాకు ఇష్టమైన నెల అది. ఒక మార్చి తర్వాత ఆ ఇష్టం పోయింది. పెన్సిలు అలవాటు మాత్రం ఉండిపోయింది.

సింగపూర్‌లో ఉన్న తెలుగువాడికి బేస్‌బాల్ గొడవ ఏమిటని చాలామంది అడిగారు. చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నాకు డిగ్రీ లేదు. ఒంగోలు పక్కన పొగాకు కొనే ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్ళు గుమాస్తాగా చేశాను. పొగాకు బేళ్ళ వరసల మధ్య ఒకసారి నడిచి వస్తే ఆ రోజు సగటు ధర ఎంత పలుకుతుందో రూపాయి అటూ ఇటూగా చెప్పేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. రాసుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ పట్టుబడిన విద్య. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష కూడా అలాగే, ఎవరో వాడి వదిలేసిన పుస్తకం ఒకటి కొనుక్కుని నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు తెలియక ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. కోబాల్ చదవగలిగినవాడు దొరికితే చాలు, వయసూ అడగలేదు, చదువూ గట్టిగా అడగలేదు. నలభై రెండో ఏట సింగపూర్‌లో దిగాను. బూన్ లేలో ఇద్దరితో కలిసి ఒక గది.

ఆఫీసు ఆంగ్ మో కియోలో, ఫ్యాక్టరీల మధ్య ఒక భవనం మూడో అంతస్తులో ఉండేది. తొమ్మిది మందిమి. అమెరికాలో పెద్ద సరస్సు పక్కనున్న ఒక చలి ఊరి కంపెనీకి జీతాలు లెక్కగట్టే ప్రోగ్రాములు మేము చూసేవాళ్ళం. రోజూ ఉదయం ఎనిమిదికి వాళ్ళతో ఫోను. మాకు పొద్దున, వాళ్ళకు ముందురోజు సాయంత్రం. మొదటి ఐదు నిమిషాలు వాళ్ళు పని మాట్లాడరు. వాళ్ళ ఊరి బేస్‌బాల్ జట్టు గురించే మాట్లాడతారు. బల్ల మధ్యలో ఉన్న ఫోనువైపు చూస్తూ తొమ్మిది మందిమి నోరు మెదపకుండా కూర్చునేవాళ్ళం.

నా పక్క బల్ల అతనిది కడప. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. ఒకరోజు ఫోను పెట్టేశాక అన్నాడు: "ఏందన్నా ఇది, సావు ఇంటికి పోయినట్ల కూర్చుంటాండాం. ఆ ఆట ఏందో నేర్చుకుందాం పా."

అలా మొదలైంది. అతను ఆట నేర్చుకున్నాడు. బంతి విసిరే పిచ్చర్ దాన్ని ఎలా వంకర తిప్పుతాడో కాగితం ఉండ చుట్టి చూపించేవాడు. నాకు ఆట కంటే జీతాలు నచ్చాయి. మన దగ్గర సొంత బావమరిదికి కూడా జీతం ఎంతో చెప్పం. అక్కడ ప్రతి ఆటగాడి జీతమూ పేపర్లో వేస్తారు, పొగాకు ధరలు వేసినట్టు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక పద్ధతి కట్టాను. ఏడాదికి ఒక్కో జట్టు నూట అరవై రెండు ఆటలు ఆడుతుంది. ఎంత నాసిరకం జట్టైనా యాభై దాకా ఎలాగో గెలుస్తుందని నా అంచనా. కాబట్టి జీతమంతా ఆ యాభైకి పైన గెలిచే గెలుపుల కోసమే ఇస్తున్నట్టు. జట్టు జీతాల మొత్తాన్ని ఆ పై గెలుపులతో భాగిస్తే ఒక్కో గెలుపు ఎంతకు పడిందో తెలుస్తుంది. డబ్బున్న పెద్ద ఊరి జట్టుకి గెలుపు చాలా ఖరీదు. మా చలి ఊరి జట్టు యజమాని పిసినారి. అతనికి గెలుపు చవక, కానీ గెలుపులే తక్కువ. మార్చిలో ఈ లెక్కంతా ఒక కాగితం మీద గీతలు కొట్టి, రంగు పెన్సిళ్ళతో దిద్ది, ఆఫీసు పాంట్రీలో నీళ్ళ మిషను పైన అంటించేవాణ్ణి. ఫోనులో ఆ అమెరికా వాళ్ళకి కూడా చదివి వినిపించేవాళ్ళం. వాళ్ళు నవ్వేవారు. తర్వాత తర్వాత మార్చి రాగానే వాళ్ళే అడిగేవారు, కాగితం తయారైందా అని.

నేను చెప్పదలచుకున్నది రెండువేల గండం గడిచిన మరుసటి ఏడు మార్చి గురించి. గండం ఏమీ లేకుండానే గడిచిపోయింది. అయినా ఉద్యోగాలు ఇంకా పొంగుమీదే ఉన్నాయని అందరం అనుకుంటున్నాం. కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయని పేపర్లో వచ్చేది. అది వేరేవాళ్ళ సంగతి అనుకున్నాం.

ఆ ఏడు మా జట్టు సంగతి ఇలా ఉంది. మొదటి బేస్ దగ్గర, అంటే పరుగెత్తేవాడు దాటాల్సిన మొదటి గుర్తు దగ్గర, నిలబడే ముప్పై ఏడేళ్ళ మనిషికి మొత్తం జీతాల్లో నాలుగో వంతు పోతోంది. ఒకప్పుడు గొప్పగా కొట్టినవాడే. మోకాలు పోయింది. కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళు ఉంది. ఎడమచేతి పిచ్చర్లు ఇద్దరు, కొత్తవాళ్ళు, దాదాపు ఊరకే దొరికినట్టు. రెండో బేస్ దగ్గర ఉన్నతను ఎప్పుడూ పేపర్లో కనపడడు, కానీ అతను ఉన్నప్పుడు జట్టు బాగా గెలుస్తుంది, లేనప్పుడు ఓడుతుంది. ఎందుకో నా కాగితంలో ఎక్కడా తేలదు.

మధ్యాహ్నం తిండి అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకున్నాక కడప అతను నా కాగితం లాక్కున్నాడు.

"డెబ్భై నాలుగు గెలుపులేనా? పోన్నా! నువ్వు మన జట్టు మనిషివేనా?"

"లెక్కలో వచ్చింది రాశానయ్యా."

"ఈసారి తొంభై. రాసి పెట్టుకో."

"ఏ లెక్కన?"

"ఆ ముసలోడి మోకాలు బాగయ్యే లెక్కన."

"ముప్పై ఏడుకే ముసలోడంటున్నావు, నా వయసెంతో తెలుసా?"

"నీకేమన్నా, నువ్వు పరిగెత్తే పని లే. కూర్చోని భాగించేదే కదా."

ఆదివారాలు నేను టోవా పాయోలో వాళ్ళ ఫ్లాట్‌కి భోజనానికి వెళ్ళేవాణ్ణి. అతని భార్య నన్ను అన్నా అనేది. రాగిసంగటి చేసి, నాకు అలవాటు లేదని వేరే అన్నం వండేది. వాళ్ళ పాపని ఆ జనవరిలోనే బడిలో ఒకటో తరగతిలో చేర్చారు. మేము మాట్లాడుకుంటుంటే మధ్యలో వచ్చి, "అంకుల్, ఎవ్రీ సండే బేస్‌బాల్ ఓన్లీ, సో బోరింగ్ లా," అని అచ్చం సింగపూర్ యాసలో విసుక్కుని వెళ్ళిపోయేది.

ఆ నెల మూడో వారంలో మా మేనేజరమ్మ పాంట్రీలో ఆగి నా కాగితం చదివింది. చైనీస్ ఆవిడ, చురుకైన మనిషి, నన్ను ప్రొఫెసర్ అని పిలిచేది. సగం వేళాకోళం, సగం నిజం.

"ప్రొఫెసర్, ఇది నువ్వే కట్టావా? ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేదు మేడమ్."

"వెరీ స్మార్ట్ లా. ఇలాంటిదే మన టీముకి చెయ్యగలవా? హెడ్డాఫీసు వచ్చే ఏడాది బడ్జెట్ అడుగుతోంది."

ఆ మాట విని ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. పద్దెనిమిదేళ్ళ పొగాకు లెక్కలకు గాని, రాత్రింబవళ్ళు చదివిన కోబాల్‌కి గాని ఎవరూ అలా అనలేదు. పైగా నాకు ఇంకో ఆలోచన. మా తొమ్మిది మందీ తక్కువ జీతానికి ఎక్కువ పని చేస్తున్నారని కాగితం మీద చూపిస్తే హెడ్డాఫీసు జీతాలు పెంచుతుంది. మా చలి ఊరి జట్టులాగా మేమూ చవక. అది అంకెల్లో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అంతే అనుకున్నాను. బడ్జెట్ అనే మాటకి ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టలేదు.

ఆవిడ జీతాలు ఇచ్చింది. ఎవరు ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు పరిష్కరించారో కంప్యూటర్లోనే ఉంది. ఆ ఫిర్యాదుల్ని మేము టికెట్లు అనేవాళ్ళం. పని అయ్యాక ఎవరి పేరున మూస్తే వాళ్ళ లెక్కలో పడుతుంది. కొత్తగా చేరినవాడు కూడా మూయగలిగినన్ని టికెట్లు ముందుగా తీసేసి, మిగిలిన వాటితో జీతాన్ని భాగించాను. యాభై గెలుపుల పద్ధతే; టికెట్ చవగ్గా పడినవాళ్ళు పైన.

రెండో స్థానంలో నేను వచ్చాను. తొమ్మిదో స్థానంలో కడప అతను వచ్చాడు. ఎనిమిదో మనిషికీ అతనికీ మధ్య చాలా దూరం ఉంది.

మూడుసార్లు భాగించి చూశాను. తప్పు లేదు. అతని వరస చెరిపేద్దామా అని ఒక క్షణం అనిపించింది. చెరిపితే అది లెక్క కాదు అనుకున్నాను. జీతాల పెంపు గురించే కదా, అతనికి ఈసారి కొంచెం తక్కువ పెరుగుతుంది, మేడమ్‌తో నోటిమాటగా రెండు ముక్కలు చెబుదాం అనుకున్నాను. బుధవారం కాగితం ఇచ్చాను. ఆవిడ పైనుంచి కిందికి ఒకసారి చూసి, థాంక్యూ ప్రొఫెసర్ అంది. ఆ రెండు ముక్కలు చెప్పలేదు. ఆవిడకి ఫోను వచ్చింది, నేను బయటికి వచ్చేశాను.

పన్నెండు రోజుల తర్వాత ముగ్గురిని ఒక్కొక్కరిగా లోపలికి పిలిచారు. మొదట కడప అతన్ని. పదిహేను నిమిషాల్లో బయటికి వచ్చి తన కుర్చీలో కూర్చుని, ముందున్న స్క్రీన్ మీద పని అలాగే కొనసాగించాడు.

"ఏమైంది?" అన్నాను.

"నెల దినాలు టైము. వర్క్ పాస్ రద్దు చేస్తారంట, ఇంగ ఊరికి పోవాల్సిందే." టైపు చేస్తూనే అన్నాడు, "పాప బడికి యూనిఫారం మొన్ననే రెండో జత కొన్న్యాం."

ఆ మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళలేదు. ఏడాది పొడుగునా రాసుకున్న నా నోట్‌బుక్కులు తీశాను. ఏం వెతుకుతున్నానో నాకు తెలుసు. తెలియదని అబద్ధం రాయను. పేజీల మధ్య చిన్న చిన్న కాగితాలు ఉన్నాయి. అన్నీ అతని దస్తూరి. ఫలానా ప్రోగ్రాములో ఫలానా వరస, సెలవురోజు లెక్క ఇక్కడ తప్పుతోంది, ఇలా మార్చు. పని కష్టమై ఎవరు తల పట్టుకు కూర్చున్నా, అతను తన పని ఆపి, వచ్చి, తప్పు ఎక్కడుందో పట్టుకుని, కాగితం మీద రాసిచ్చి పోయేవాడు. మేము దాన్ని టైపు చేసి మా పేరున టికెట్ మూసేవాళ్ళం. నేనూ మూశాను. లెక్కపెడితే నా వాటిలో అరవై ఒకటి అతనివి. మిగిలిన ఏడుగురి దగ్గర ఎన్నో దేవుడికి తెలియాలి.

బేస్‌బాల్‌లో ఒక పద్ధతి ఉంది. ముందున్న తమవాణ్ణి ఇంకో బేస్ దాటించడం కోసం బ్యాటర్ కావాలని బంతిని మెల్లగా తాకి తాను అవుటైపోతాడు. దాన్ని సాక్రిఫైస్ అంటారు. ఆట రాసుకునే గుమాస్తాలు ఆ అవుట్‌ని అతని సగటులో కలపరు. విడిగా రాస్తారు. ఆ మనిషి విఫలం కాలేదని వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. నాకూ తెలుసు. ఆటగాళ్ళ లెక్కలన్నిటిలో నేను ఆ నియమం పాటించాను. నా పక్క బల్ల మనిషి దగ్గరికి వచ్చేసరికి పాటించలేదు.

కొత్త కాగితం వేశాను. ఆ అరవై ఒక్కటీ అతనికి మార్చాను. మిగిలినవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగి, వాళ్ళు ఒప్పుకున్నంత వరకు మార్చాను. ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్ళలో ఒకతను, "అంకుల్, ఇప్పుడు ఇది కదిలిస్తే నా సంగతేంటి?" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. అయినా కడప అతను రెండో స్థానానికి వచ్చాడు. నేను ఏడుకి దిగాను.

మేనేజరమ్మ కూర్చోబెట్టి అంతా విన్నది. కాగితం రెండువైపులా చూసింది.

"ఇది ముందే ఎందుకివ్వలేదు?" అంది.

కాగితం తిరిగి నా ముందుకి జరిపింది.

"హెడ్డాఫీసులో సంతకాలు అయిపోయాయి ప్రొఫెసర్. మూడు పేర్లు తీసెయ్యమన్నారు, అంతే. ఇప్పుడు అతన్ని ఉంచితే ఇంకొకరి పేరు ఇవ్వాలి. ఇస్తావా?"

నా పేరు ఇవ్వొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిందని చెప్పుకోవాలని ఉంది. రాలేదు. ఒంగోలులో ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు. కాగితం తీసుకుని వచ్చేశాను.

తర్వాతి ఆదివారం టోవా పాయో వెళ్ళాను. అతను వాళ్ళ బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో, రాతి బల్ల మీద అట్టపెట్టెలు పెట్టుకుని టేపు వేస్తున్నాడు. చదరంగం గళ్ళు గీసిన బల్ల అది. ఎదురుగా కూర్చున్నాను.

"మేడమ్‌కి ఆ కాగితం ఇచ్చింది నేనే," అన్నాను.

"తెలుసన్నా."

"ఆమె చెప్పిందా?"

"లే." టేపు చివర గోటితో వెతుక్కుంటూ అన్నాడు. "నువ్వు ప్రింటు కొట్టి టీకి పోయినావు. నాదేదో తెచ్చుకుందామని పోతే పైన నీది ఉండాది. చూసినా. ఎవురి కంటా పడకుండా తెచ్చి నీ కీబోర్డు కింద పెట్టినా."

"ఎప్పుడు?"

"సోమారం."

నేను ఆవిడకు ఇచ్చింది బుధవారం. మధ్యలో రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఉదయం ఎనిమిదికి ఫోను దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం. హాకర్ సెంటర్‌లో కలిసే తిన్నాం. ఆ ముసలోడి మోకాలు గురించి అతను జోకులు వేశాడు.

"ఒక్కమాట అడగొచ్చు కదయ్యా," అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది. "నువ్వు అడిగితే మార్చేవాణ్ణి."

"అడిగితే నువ్వు మారుస్తావు. అది నాకు తెలుసు." పెట్టె మూత అదిమి పట్టుకున్నాడు. "అడక్కుండా మారుస్తావేమోనని చూసినా."

ఇంకో పెట్టెకి టేపు వేశాడు. నేను అట్ట అంచులు పట్టుకున్నాను. ఆ పెట్టె పక్కకి జరుపుతూ అన్నాడు, నన్ను ఊరడించడానికే అనుకుంటాను: "లెక్కయితే కరెక్టే అన్నా. ఇంటికాడ నేను గూడా వేసి చూసినా."

లిఫ్టు తలుపు తెరుచుకుని పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. "డాడీ, మమ్మీ సే కమ్ అప్. మకాన్ రెడీ."

"పా అన్నా. తిందువు రా," అన్నాడు అతను, ప్రతి ఆదివారం అన్నట్టే.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, వెళ్ళకపోవడానికి ధైర్యం చాలలేదు. సగం సామాను సర్దేసిన ఇంట్లో నేల మీద కూర్చుని తిన్నాం. అతని భార్య నాకు విడిగా అన్నం వండింది. "ఆ ఆఫీసులో మాకు నువ్వొక్కడివే ఉంటివి అన్నా, ఇంక నీకు ఆదివారం ఎవురు వండుతారు?" అని రెండోసారి వడ్డించింది. ఆమెకి అతను ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. అతను తల వంచుకుని తింటున్నాడు. నేను పెట్టిందంతా తిన్నాను.

వాళ్ళు ఒక శుక్రవారం పొద్దున వెళ్ళిపోయారు. విమానాశ్రయానికి వస్తానంటే వద్దన్నాడు, పని రోజు కదా అన్నాడు. అప్పటికి ఏప్రిల్ సగం దాటింది, ఆటలు జోరుగా సాగుతున్నాయి. ఎనిమిది గంటల ఫోనులో అమెరికా వాళ్ళు హుషారుగా ఉన్నారు, ఏదో గెలిచారు. మీ లెక్క ఏమంటోందని నన్ను అడిగారు. ఈ ఏడు ఇక లెక్క లేదని చెప్పాను. పాంట్రీలో కాగితం ఎప్పుడో చించేశాను.

ఫోను అయ్యాక మేనేజరమ్మ అతని పేరు మీద మిగిలిపోయిన టికెట్లు నా పేరుకి మార్పించింది. ఇరవై మూడు. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. పదిహేడింటికి తప్పు ఎక్కడుందో, ఎలా దిద్దాలో అతను ముందే రాసి పెట్టి వెళ్ళాడు. మూయడం ఒక్కటే మిగిలింది. మూసేటప్పుడు పేరు అడుగుతుంది. వెళ్ళిపోయినవాళ్ళ పేరు ఆ కంప్యూటరు తీసుకోదు. రెండుసార్లు కొట్టి చూశాను. తర్వాత ఒక్కొక్కటిగా పదిహేడూ నా పేరునే మూశాను.